సెమీ క్రిస్మస్‌కి ముందు మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

కొత్త డిజిటల్ యాంప్ కొన్నావని, ఈసారి సెమీ క్రిస్మస్‌కి దాన్ని నేరుగా చర్చి పవర్డ్ స్పీకర్లకే కలుపుదామనుకుంటున్నావని అమ్మ చెప్పింది. యాంప్ వెనకభాగం ఫోటో కూడా చూశాను. ఏ జాక్ దేనికో ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. ఈ కాగితం గిటార్ బ్యాగులోనే పెట్టుకో.

ముందుగా, స్పీకర్ అవుట్ అని రాసి ఉన్న జాక్ జోలికి వెళ్లకు. అది యాంప్ లోపలి పవర్ సెక్షన్ నుంచి వస్తుంది. నీది 50 వాట్ల యాంప్. 8 ఓమ్‌ల స్పీకర్ మీద 50 వాట్లంటే 20 వోల్టులు. ప్రొఫెషనల్ లైన్ సిగ్నల్ 1.23 వోల్టులే ఉంటుంది, పవర్డ్ స్పీకర్ ఆశించేది అంతే. దాన్ని పెంచి పలికించే యాంప్లిఫైయర్ ఆ పెట్టెలోనే ఉంది. 20 వోల్టులు తీసుకెళ్లి దాని నోట్లో పెడితే ఇన్‌పుట్ సర్క్యూట్ కాలిపోవచ్చు. యాంప్ స్పీకర్ అవుట్, పవర్డ్ స్పీకర్ ఇన్‌పుట్ రెండూ చూడ్డానికి ఒకేలా ఉండే పావు అంగుళం జాకులు కాబట్టి హడావిడిలో పొరపాటు జరుగుతుంది. స్పీకర్ అవుట్ మీద ఇప్పుడే ఒక టేపు అంటించు.

హెడ్‌ఫోన్ జాక్ నుంచి లాగుదామని నీ స్నేహితుడు అన్నాడట. అది స్టీరియో జాక్, కొనలో ఎడమ, దాని కింద రింగులో కుడి. చర్చి మిక్సర్ బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ ఆ రెండింటి మధ్య తేడాను మాత్రమే తీసుకుంటుంది. రెండు వైపులా వచ్చేది ఒకే గిటార్ కదా, తేడా ఏముంటుంది? అసలు శబ్దమంతా రద్దయిపోయి, రివెర్బ్ తోక మాత్రం పల్చగా వినిపిస్తుంది. కేబుల్ పోయిందనుకుని అందరూ వైర్లు కదుపుతూ కూర్చుంటారు.

నీకు కావలసింది లైన్ అవుట్ అని రాసి ఉన్న ఎక్స్‌ఎల్‌ఆర్. అక్కడి నుంచి మామూలు మైకు కేబుల్‌తో మిక్సర్‌కి వెళ్లు, పవర్డ్ స్పీకర్లకి మిక్సర్ నుంచే అందుతుంది. మైకు ఇన్‌పుట్‌కి ఆ సిగ్నల్ ఎక్కువవుతుంది కాబట్టి యాంప్ లెవెల్ స్విచ్‌ని మైకు వైపు పెట్టు, లేదా మిక్సర్ మీద ప్యాడ్ నొక్కించు. మిక్సర్ మైకు కేబుల్‌లోకి పంపే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఆపించు. చిన్న మిక్సర్లలో ఆ 48 వోల్టులకు అన్ని ఛానెళ్లకీ కలిపి ఒకటే స్విచ్ ఉంటుంది. కొయిర్ ముందు పెట్టే కండెన్సర్ మైకులకి అది తప్పదంటే, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ పెట్టమని సౌండ్ చూసే అన్నని అడుగు.

ఇక అసలు విషయం. గిటార్ యాంపులో ఉండే 12 అంగుళాల స్పీకర్ 5 వేల హెర్ట్జ్ దాటాక బాగా తగ్గిపోతుంది. ఆ తగ్గడం వల్లే డిస్టార్షన్ చెవికి ఇంపుగా ఉంటుంది. చర్చి పవర్డ్ స్పీకర్ అలా కాదు. దానికి హార్న్ ఉంది, 15 వేలు దాటినా పలుకుతుంది. గిటార్ స్పీకర్ కోసం తయారైన సిగ్నల్‌ని దానికి అలాగే ఇస్తే దోమల గుంపు చెవిలో దూరినట్టుంటుంది. అందుకే యాంపులో క్యాబ్ సిమ్యులేషన్ ఉంటుంది. స్పీకర్ పెట్టెనీ, దాని ముందు పెట్టిన మైకునీ లెక్కగట్టి అనుకరించేది అదే. 1998లో లైన్ 6 కంపెనీ వాళ్ల పాడ్ వచ్చినప్పటి నుంచీ ఈ రకం పెట్టెల ప్రాణమంతా అందులోనే ఉంది. పవర్డ్ స్పీకర్‌కి వెళ్లేటప్పుడు అది ఆన్‌లో ఉండాలి, నిజమైన గిటార్ క్యాబినెట్‌కి వెళ్లేటప్పుడు ఆఫ్ చేయాలి. రెండూ కలిస్తే దుప్పటి కప్పినంత మందంగా వస్తుంది. కొన్ని యాంపుల్లో ఒక్కో అవుట్‌కి విడిగా సెట్టింగ్ ఉంటుంది, మెనూలో వెతికి చూడు.

గదిలో హెడ్‌ఫోన్స్‌తో చేసుకున్న టోన్‌ని నమ్ముకుని స్టేజీ ఎక్కకు. శబ్దం పెరిగేకొద్దీ మన చెవికి బాస్ మరింత ఎక్కువగా అందుతుందని ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే కొలిచి చూపించారు. గదిలో నిండుగా ఉన్నది స్టేజీ మీద బురదగా మారేది అందుకే. రిహార్సల్ రోజున, కార్యక్రమంలో పెట్టబోయే వాల్యూమ్‌లోనే సరిచేసుకో. 100 హెర్ట్జ్ కింద లో కట్, 6-7 వేల దగ్గర హై కట్ పెట్టి మొదలుపెట్టు. నీ లావు తీగ 82 హెర్ట్జ్ అని నాకు తెలుసు. కానీ అక్కడ కీబోర్డు ఎడమచేయి, తబలా, రిథమ్ ప్యాడ్స్ ఉంటాయి. వాటికి చోటిస్తే నీ గిటారే స్పష్టంగా వినిపిస్తుంది, పాడే పిల్లల మాటలూ వినిపిస్తాయి. స్పీకర్ వెనక బాస్ పెంచే మోడ్ ఉంటే తీసేయించు.

కరెంటు గురించి రాసేది బాగా చదువు. కార్యక్రమానికి బయట పందిరి, జనరేటర్, ఎక్స్‌టెన్షన్ బోర్డులు ఉంటాయి. గుయ్‌మని హమ్ వస్తే యాంప్ మీద గ్రౌండ్ లిఫ్ట్ నొక్కు. అది కేబుల్ షీల్డుని మాత్రమే విడదీస్తుంది. త్రీ పిన్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ విరగ్గొట్టడం, రెండు పిన్నుల అడాప్టర్ పెట్టడం మాత్రం ఎవరు చెప్పినా వద్దు. స్టోన్ ది క్రోస్ బ్యాండ్ గిటారిస్టు లెస్ హార్వీ 1972లో స్వాన్సీలో స్టేజీ మీదే చనిపోయాడు. సరైన ఎర్త్ లేని మైకు పట్టుకున్నాడు. నువ్వు పాడతావు కూడా, అంటే చేయి తీగల మీద, పెదవి మైకు మీద ఉంటాయి. పాడేముందు మల్టీమీటర్‌ని ఏసీ వోల్టులలో పెట్టి ఒక కొన తీగకి, ఇంకోటి మైకు జాలీకి తాకించు. సున్నా దగ్గర ఉండాలి. అంతకు మించి కదిలితే ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా మైకు ముట్టుకోవద్దు. ఆలస్యమవుతుందని పాస్టర్ గారు ఏమీ అనుకోరు, అనుకున్నా నేను మాట్లాడతాను.

ఆన్ చేసేటప్పుడు యాంప్ ముందు, మిక్సర్ తర్వాత, స్పీకర్లు చివర. ఆపేటప్పుడు స్పీకర్లే ముందు. పది మీటర్ల ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ ఒకటి అదనంగా కొను, డబ్బులు నేను పంపుతాను. రిహార్సల్ అయ్యాక ఎలా వినిపించిందో ఫోన్ చెయ్.

నీ మామయ్య