ఒడ్డులేని మరమ్మతు

పులికాట్ సరస్సులో పడవకు చిల్లిపడితే జాలరి దానిని ఒడ్డుకు లాగి బాగుచేసుకుంటాడు. ఎక్కడో ఉన్న కంప్యూటర్లను పలువురు అంతర్జాలం ద్వారా పంచుకొనే ‘క్లౌడు’కు అట్టి ఒడ్డు లేదు, పని సాగుతుండగానే మరమ్మతు జరగాలి.

అటువంటి వ్యవస్థలను నడిపే ఓపెన్‌స్టాక్‌ను 2010లో నాసా, రాక్‌స్పేస్ సంస్థలు ప్రారంభించాయి. దానికి ఆరునెలలకొక కొత్త కూర్పు వెలువడుతుంది. వరుస తప్పక ఒక్కొక్క మెట్టే ఎక్కడం నిర్వాహకులకు భారమైంది. 2023 మార్చి నాటి ‘యాంటిలోప్’ కూర్పుతో ఒక వెసులుబాటు కలిగింది: నడుమనున్న ‘బాబ్‌క్యాట్’ను విడిచి, 2024 ఏప్రిల్ నాటి ‘కారకల్’కు నేరుగా మారవచ్చును. ఏడాదికి రెండు గండాలు ఒకటైనవి.

తెలుగు బోధించే మాకు హంగులకంటె ఈ గుణమే మిన్నగా తోచినది. విద్యార్థులారా, క్రొత్త కూర్పు ఏమి చేర్చినదని మాత్రమే కాదు, ఎవరి పనిని ఆగనీయలేదని కూడ మనము అడగాలి.