కనిపించని నాలుగో న్యూట్రినో



మన మెస్‌లో వంద మందికి సరిపడా అన్నం ఖర్చయింది, తింటూ కనబడింది మాత్రం పదిహేను మందే అనుకోండి. మిగతా 85 మంది ఎక్కడ? విశ్వం గురించి శాస్త్రవేత్తల ప్రశ్న కూడా ఇదే. గెలాక్సీల్లో నక్షత్రాలు తిరిగే వేగం చూస్తే, కనబడే పదార్థపు గురుత్వాకర్షణ వాటిని పట్టి ఉంచడానికి చాలదు. విశ్వంలోని పదార్థంలో దాదాపు 85 శాతం మనకు కనబడనిదే. దీన్నే కృష్ణ పదార్థం అంటారు.

అది దేనితో తయారైంది? న్యూట్రినో అనే కణం ఉండాలని 1930లో పౌలీ ఊహించాడు. 1956లో రైన్స్, కోవన్ దాన్ని ప్రయోగంలో పట్టుకున్నారు. ఎలక్ట్రాన్, మ్యుయాన్, టౌ అని ఇందులో మూడు రకాలు తెలుసు. ఇవి మరీ తేలిక, మరీ వేగం. గెలాక్సీలు ఏర్పడేలా ఒకచోట కూడలేవు. అందుకే కొంచెం బరువైన నాలుగో రకం ఉందేమోనని అనుమానం. మామూలు న్యూట్రినో బలహీన కేంద్రక బలం వల్ల అరుదుగానైనా పరమాణువుతో చర్య జరుపుతుంది. నాలుగోదానికి ఆ బలం కూడా పట్టదు. కాబట్టి దానికి స్టెరైల్ న్యూట్రినో అని పేరు పెట్టారు.

మరి దాన్ని పట్టేదెలా? అది ఎప్పుడో ఒకసారి విచ్ఛిన్నమై మామూలు న్యూట్రినోను, ఒక ఎక్స్-కిరణాన్ని ఇవ్వాలి. ఆ కిరణం శక్తి, స్టెరైల్ న్యూట్రినో ద్రవ్యరాశికి సమానమైన శక్తిలో సగం. 2014లో రెండు బృందాలు గెలాక్సీ సమూహాల వర్ణపటంలో 3.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒక గీతను చూశామన్నాయి. అంటే ద్రవ్యరాశి 7. ఎలక్ట్రాన్‌ది 511. చాలామంది ఆశపడ్డారు. కానీ 2016లో జపాన్ ఉపగ్రహం హిటోమి పెర్సియస్ సమూహాన్ని చూసినప్పుడు అంత బలమైన గీత కనబడలేదు. 2020లో మన పాలపుంతలో వెతికిన బృందానికీ దొరకలేదు. 2023లో జపాన్ ఎక్స్‌రిజమ్ అనే మరో ఉపగ్రహాన్ని పంపింది.

"దొరకని దాన్ని వెతికితే ఏమొస్తది బిడ్డా?" అని మా అమ్మ అడిగింది. తప్పిపోయిన మేకను వెతికేటప్పుడు "ఈ చేన్ల లేదు" అని తేలితే, ఇంకా చూడాల్సిన చేన్లు తగ్గినట్లే కదా అన్నాను. ఆమెకు వెంటనే అర్థమైంది.

తమ్ముళ్ళూ, ప్రాక్టికల్ రికార్డులో జవాబు ముందే చూసుకుని రీడింగులు సర్దడం మనకు అలవాటు. నేనూ ఇంటర్‌లో అలాగే చేశాను. ఉపగ్రహాలు పంపినవాళ్ళే "మాకు కనబడలేదు" అని రాసి సంతకం పెడుతున్నారు. వచ్చిన రీడింగే రాయండి. భౌతికశాస్త్రం అక్కడే మొదలవుతుంది.

— పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. ఫిజిక్స్