పరుగెత్తి పాలు తాగే విద్య
(అల్ట్రా మారథాన్ – ఒక పరిచయం)

– తృతీయ బి.యస్సీ. విద్యార్థి, ఆత్రేయపురం

“పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలు” అని మన పెద్దలు చెప్పారు. ఐతే ఈ ప్రపంచంలో కొందరున్నారు. వారు పగలు పరుగెత్తుతారు, రాత్రి పరుగెత్తుతారు, పరుగెత్తుతూనే తింటారు, పరుగెత్తుతూనే తాగుతారు. వారిని అల్ట్రా మారథాన్ పరుగువీరులంటారు. వీరు చేసేది పిచ్చిపనా, విద్యా? విద్యే అని నా అభిప్రాయం. విద్య అన్నాక దానికి లెక్కలుంటాయి, నియమాలుంటాయి, తప్పితే శిక్ష కూడా ఉంటుంది. అవేమిటో సైన్సు విద్యార్థిగా నాకు తెలిసినంతలో మిత్రులకు మనవి చేస్తాను.

అసలు అల్ట్రా అంటే ఏమిటి?

మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్సులో పరుగెత్తిన దూరమే 1921లో ప్రమాణంగా స్థిరపడింది. అంతకు మించిన పరుగు ఏదైనా అల్ట్రా మారథానే. సామాన్యంగా 50 కి.మీ., 100 కి.మీ., 100 మైళ్ళు అని దూరాన్నిబట్టి పెడతారు. లేదా 24 గంటల్లో ఎవరెంత దూరం పోతారో చూద్దామని కాలాన్నిబట్టి పెడతారు.

వీటిలో పాతది, పేరున్నది దక్షిణాఫ్రికాలోని కామ్రేడ్స్ పరుగు. 1921లో మొదలైంది. డర్బన్, పీటర్‌మారిట్స్‌బర్గ్ పట్టణాల మధ్య సుమారు 90 కి.మీ. పన్నెండు గంటల్లో చేరాలి. గ్రీసులో 1983 నుంచి జరుగుతున్న స్పార్టథ్లాన్‌లో ఏథెన్స్ నుంచి స్పార్టాకు 246 కి.మీ., 36 గంటల్లో చేరాలి. 2022లో లిథువేనియాకు చెందిన అలెగ్జాండర్ సొరోకిన్ 24 గంటల్లో 319 కి.మీ. పైచిలుకు పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. అంటే రాజమండ్రిలో బయలుదేరి, బెజవాడ వెళ్ళి, మళ్ళీ రాజమండ్రి వచ్చి, ఇంకా కాస్త ముందుకు పోయినంత! మన దేశం కూడా వెనకబడి లేదు. అదే 2022లో బెంగుళూరులో జరిగిన ఆసియా, ఓషియానియా 24 గంటల పోటీలో భారతీయుడైన అమర్ సింగ్ దేవందా 257 కి.మీ. పైగా పరుగెత్తాడు.

రైతుబిడ్డనైన నాకు వీరందరికన్నా ముద్దొచ్చేవాడు ఆస్ట్రేలియా రైతు క్లిఫ్ యంగ్. బంగాళాదుంపలు పండించుకునేవాడు. 1983లో సిడ్నీ నుంచి మెల్‌బోర్న్‌కు 875 కి.మీ. పందెం పెడితే తన 61వ ఏట వచ్చి నిలబడ్డాడు. కాళ్ళు ఎత్తీ ఎత్తకుండా ఈడ్చినట్టు పరుగెత్తేవాడు. కుర్రాళ్ళు రాత్రి పడుకుంటే ఆయన సాగిపోయాడు. 5 రోజుల 15 గంటల 4 నిమిషాల్లో అందరికన్నా ముందు చేరాడు. బహుమతిగా వచ్చిన పదివేల డాలర్లూ తోటి పందెగాళ్ళకు పంచిపెట్టాడు. చిన్నప్పుడు గొర్రెల మంద వెనక రోజుల తరబడి పరుగెత్తేవాణ్ణని ఆయనే చెప్పుకునేవాడు.

మన గోదావరి ప్రాంతంలో ఇలాంటివారు లేరా అంటే, నేల మీద కాదుగాని నీటిలో ఉన్నారు. సామర్లకోటకు చెందిన గోలి శ్యామలగారు 52 ఏళ్ళ వయసులో 2024 డిసెంబరు 28న విశాఖపట్నం సముద్రతీరంలో దిగి, రోజుకు సుమారు 30 కి.మీ. చొప్పున ఈదుతూ, 2025 జనవరి మొదటివారంలో కాకినాడ తీరం చేరారు. మొత్తం 150 కి.మీ.! అంతకుముందు 2021లో పాక్ జలసంధినీ ఈదారు. పరుగైనా, ఈతైనా ఒంటిలో జరిగే లెక్క ఒకటే. ఇప్పుడు ఆ లెక్కలోకి వద్దాం.

మొదటి లెక్క – ఇంధనం

పరుగెత్తే మనిషికి కిలో బరువుకు, కిలోమీటరుకు సుమారు ఒక కిలోకేలరీ ఖర్చవుతుంది. 60 కిలోల విద్యార్థి 100 కి.మీ. పోవాలంటే 60 × 100 = 6000 కిలోకేలరీలు కావాలి. మన కండరాల్లోనూ, కాలేయంలోనూ గ్లైకోజెన్ రూపంలో దాచుకున్న పిండిపదార్థం ఇచ్చేది 1800 మొదలు 2000 వరకే. అంటే ముప్ఫై కిలోమీటర్లు దాటేసరికి గాదె ఖాళీ! చాలామంది సరిగ్గా అక్కడే కూలబడతారు.

మరి మిగతాది ఎక్కడ నుంచి తేవాలి? రెండు దారులున్నాయి. ఒకటి కొవ్వు. బక్కపలచని మనిషిలో కూడా అయిదారు కిలోల కొవ్వుంటుంది. గ్రాముకు 9 కిలోకేలరీలు. అయిదు కిలోలంటే 45,000. కావలసినంత ఉంది, కాని అది నిదానంగా కాలే పొట్టు పొయ్యి లాంటిది. వేగం పెరిగితే అందదు. అందుకే అల్ట్రాలో నిదానమే ప్రధానం. రెండోది తిండి. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థాన్ని పేగులు తీసుకోగలవు. బాగా అలవాటు చేసినవారు 90 గ్రాములదాకా పోతారు. గంటకు 50 గ్రాములు తింటే 200 కిలోకేలరీలు. పన్నెండు గంటలకు 2400. ఇప్పుడు కూడండి: గ్లైకోజెన్ 1800, తిండి 2400, కొవ్వు నుంచి 1800. మొత్తం 6000. ఆ కొవ్వు కరిగింది ఎంత? 200 గ్రాములే!

మా ఊరి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మరి పరుగులో పూతరేకు తినొచ్చా అని మిత్రులడిగారు. రేకు బియ్యపు పిండి, లోపల బెల్లం. ఇవి రెండూ మంచి ఇంధనమే. బెల్లంలోని సుక్రోజు విడిపోతే సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు వస్తాయి. పేగుల్లో ఆ రెంటికీ వేరు వేరు ద్వారాలున్నాయి గనుక ఎక్కువ చక్కెర లోపలికి పోతుంది. ఐతే నెయ్యితోనే చిక్కు. కొవ్వు కడుపులో ఆలస్యంగా కదులుతుంది, పరుగులో వికారం పుట్టిస్తుంది. కాబట్టి పూతరేకు పరుగయ్యాక తినండి. పరుగులో అరటిపండు, బెల్లంముక్క, ఉప్పు వేసిన గంజి చాలు. అవి కూడా ముందు అభ్యాసంలో తిని చూసినవే అయివుండాలి. పందెం రోజున కొత్త తిండి పనికిరాదు.

రెండో లెక్క – నీరు, ఉప్పు, ఎండ

మన డెల్టా ఎండ వేరు. గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. కారిపోయిన చెమట వల్ల లాభం లేదు. అందుకే మన దగ్గర తడి తువ్వాలులా తడిసిపోయినా వేడి దిగదు. శరీరం ఎండకు అలవాటుపడడానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది. రోహిణి కార్తెలో ఎవరూ సాహసం చేయవద్దు. తెల్లవారుజాము నాలుగింటికి మొదలెట్టి, ఎండెక్కకముందే ఇల్లు చేరాలి.

నీళ్ళ విషయంలో ఒక ముఖ్యమైన సంగతి. తక్కువ తాగితే ప్రమాదమని అందరికీ తెలుసు. ఎక్కువ తాగినా ప్రమాదమే! రక్తంలో సోడియం లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోళ్ళ మధ్య ఉండాలి. గంటల తరబడి ఉత్త నీళ్ళు దండిగా తాగితే అది పలచబడి, మెదడు వాచి, ప్రాణం మీదకు వస్తుంది. కామ్రేడ్స్ పరుగువీరుల్లో దీన్ని గమనించి దక్షిణాఫ్రికా శాస్త్రజ్ఞుడు టిమ్ నోక్స్, ఆయన తోటివారు 1985లో ప్రకటించారు. కనుక దాహమైనప్పుడు తాగాలి, దాహం తీరాక ఆపాలి. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. అది ఒక్కటే నమ్ముకోకూడదు. మన ఉప్పేసిన పలచని మజ్జిగ ఏ సీసా పానీయానికీ తీసిపోదు.

మూడో లెక్క – అభ్యాసం

“పొలం పని చేసేవాడికి వేరే కసరత్తు ఎందుకురా?” అని మా నాన్నగారంటారు. ఆ మాటలో సగం నిజముంది. పొద్దుటినుంచి సాయంత్రందాకా ఎండలో నిలబడే ఓర్పు పొలమే నేర్పుతుంది. కాని ఊడ్పు పని నడుముకు, పరుగు పాదాలకు. పడ్డ ప్రతి అడుగుకీ శరీర బరువుకు రెండు మూడు రెట్లు పాదం మీద పడుతుంది. ఏ పనికి ఆ అభ్యాసమే కావాలి.

1967లో అమెరికాలో జాన్ హొలోజీ ఎలుకల్ని వారాల తరబడి పరుగెత్తించి, వాటి కండరాల్లో మైటోకాండ్రియా శక్తి దాదాపు రెట్టింపైనట్టు చూపించాడు. మనలోనూ అదే జరుగుతుంది. నిదానంగా, ఎక్కువసేపు పరుగెత్తితే మైటోకాండ్రియా పెరుగుతాయి, సన్నని రక్తనాళాలు పెరుగుతాయి, కొవ్వును వాడుకునే నేర్పు వస్తుంది. ఐతే కండరాలు వారాల్లో గట్టిపడితే, ఎముకలకూ స్నాయువులకూ నెలలు కావాలి. తొందరపడ్డవారి పాదాల ఎముకలు చిట్లేది అందుకే. చేనుకు యూరియా మొత్తం ఒకేసారి చల్లితే ఏమవుతుంది? ఏపుగా లేచి, గాలికి పడిపోతుంది. విడతలు విడతలుగా వేయాలి. పరుగూ అంతే.

ఆగకుండా 10 కి.మీ. పరుగెత్తగల విద్యార్థి 50 కి.మీ. పూర్తి చేయాలంటే ఆరు నెలల వ్యవధి పెట్టుకోవాలి:

1. వారానికి నాలుగైదు రోజులే పరుగు. మిగతా రోజులు విశ్రాంతి. శరీరం బలపడేది విశ్రాంతిలోనే.

2. వారం మొత్తం దూరం వెనకటి వారం మీద పదో వంతుకు మించి పెంచకూడదు. ప్రతి నాలుగో వారం తగ్గించాలి.

3. పక్కవాడితో మాట్లాడగలిగే వేగమే సరైన వేగం. ఆయాసం వచ్చి మాట తెగితే వేగం ఎక్కువైనట్టే.

4. శని, ఆదివారాలు వరసగా రెండు పొడుగు పరుగులు. అలసిన కాళ్ళతో ఎలా సాగాలో ఆదివారం నేర్పుతుంది.

5. మొదటినుంచే మధ్య మధ్య నడక. ఇరవై నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక. నడవడం నామోషీ కాదు. పెద్ద పెద్దవాళ్ళూ నడుస్తారు.

6. గుంజీలు, మడమలెత్తి నిలబడడం వారానికి రెండుసార్లు.

7. రాయిడి జరిగేచోట కొబ్బరినూనె. బూట్లు వేలెడు వదులుగా ఉండాలి, దూరం పెరిగేకొద్దీ పాదాలు వాస్తాయి.

8. పందానికి ముందు రెండు వారాలు దూరం సగానికి తగ్గించడం. చదువుకున్న పరీక్షకు ముందురాత్రి నిద్రపోయినట్టు!

నాలుగో లెక్క – ఎప్పుడు ఆగాలి?

ఇదే అన్నిటికన్నా ముఖ్యం. ఈ మధ్య కుర్రాళ్ళలో ఒక మాట వినిపిస్తోంది. “నొప్పి ఒట్టి భ్రమ, మనసుంటే చాలు” అని. ఇది అబద్ధం. పాదం బొబ్బల నొప్పి వేరు, ఎముక మీద వేలు పెడితే ఒకేచోట వచ్చే నొప్పి వేరు. మొదటిది ఓర్చుకోవచ్చు, రెండోదానికి ఆగాలి. మూత్రం టీ డికాక్షన్ రంగుకు తిరిగితే కండరాలు కరిగి మూత్రపిండాల మీద పడుతున్నాయని అర్థం. వెంటనే ఆసుపత్రికి పోవాలి. నొప్పి మాత్రలు మింగి పరుగెత్తడం ఆ మూత్రపిండాలనే ఇంకా దెబ్బతీస్తుంది. మాట తడబడడం, తికమక పడడం, ఎండలో వణుకు – ఇవి వడదెబ్బ గుర్తులు. మనిషిని తక్షణం నీళ్ళతో తడిపి, విసిరి, చల్లార్చాలి. ఆ తరవాతే బండి ఎక్కించాలి.

2021 మే 22న చైనాలోని గాన్సూ రాష్ట్రంలో 100 కి.మీ. కొండ పరుగు జరుగుతుండగా ఒక్కసారిగా చలిగాలి, వడగళ్ళు విరుచుకుపడి 21 మంది చనిపోయారు. వారిలో పేరుపొందిన పరుగువీరులున్నారు. దమ్ము లేక కాదు వారు పోయింది. సహాయం దగ్గర లేక పోయారు. కాబట్టి పరుగెత్తేవాడి శిక్షణ ఎంత ముఖ్యమో, పందెం పెట్టేవాడి బాధ్యతా అంతే ముఖ్యం.

మన ఊళ్ళల్లో ఏం చేయొచ్చు?

శనివారాలు వాడపల్లి వెంకన్న దర్శనానికి మైళ్ళకు మైళ్ళు నడిచి వచ్చే ముసలమ్మల్ని మా మండలంలో చూస్తూనే ఉంటాం. వారికి అల్ట్రా అనే మాట తెలియదు. కాని ఓర్పు మన నేలలో ఉందనడానికి వారే సాక్ష్యం. 2025 సంక్రాంతికి మా ఊరి కాలువలో పడవ పందేలు, ఈత పోటీలు జరిగితే జనం విరగబడి వచ్చారు. కాలువగట్టు మీద దూరపు పరుగు మాత్రం ఎందుకు పెట్టకూడదు?

నా సూచన ఇది. రావులపాలెం వైపు జాతీయ రహదారి మీద లారీల మధ్య ఎవరూ పరుగెత్తవద్దు. గట్టు మీద అయిదు కిలోమీటర్ల చుట్టు ఒకటి కొలిచి, దాన్ని పదిసార్లు తిరిగితే 50 కి.మీ. అవుతుంది. ప్రతి చుట్టుకూ ఒక డాక్టరుగారి కళ్ళముందు నుంచే పోవాలి. ఒక బల్ల మీద మజ్జిగ, గంజి, అరటిపండ్లు. ఆగినవాడు ఇంటికి దగ్గరలోనే ఆగుతాడు. ఖర్చు తక్కువ, భద్రత ఎక్కువ.

ఇంకొక మాట. కామ్రేడ్స్ పరుగులో 1923లోనే ఫ్రాన్సెస్ హేవర్డ్ అనే మహిళ పూర్తి దూరం పరుగెత్తింది. ఐనా స్త్రీలకు అధికారికంగా ప్రవేశం ఇచ్చింది 1975లో! మన గట్ల మీద తెల్లవారుజామున మగపిల్లలు సైన్యం, పోలీసు ఉద్యోగాలకోసం పరుగెత్తుతుంటారు. ఆడపిల్లలు ఎంతమంది కనిపిస్తారు? వారికి ఓర్పు లేక కాదు, వెలుతురున్న దారి లేక, తోడు లేక. మా అక్కచెల్లెళ్ళు కూడా నిర్భయంగా పరుగెత్తగలిగే గట్టు ఒకటి మనం ఏర్పరచగలిగితే, ఆ పరుగులో ఎవరు మొదట వచ్చారన్నది అంత ముఖ్యం కాదు.

సోదర విద్యార్థులారా! నూరు మీటర్ల పరుగుకు పుట్టుకతో వచ్చిన వేగం కావాలి. నూరు కిలోమీటర్లకు కావలసింది లెక్క, ఓపిక, తన ఒంటి మాట తాను వినడం. ఇవి మూడూ నేర్చుకుంటే వచ్చేవే. రేపు ఉదయం అయిదు కిలోమీటర్లతో ప్రారంభించండి. నిదానంగా.