ఈ వలయము తెగక నిలుచునా?

చదువవలసిన భాగములు: మార్కు 3:31–35, యోహాను 11:17–44, 1 థెస్సలొనీకయులకు 4:13–18



ఇటీవల మా సంఘములో ఒక వృద్ధురాలిని భూస్థాపన చేసితిమి. ఆ సాయంకాలమే ఆమె మనుమడు, పట్టణములో చదువుకొనుచున్న పిల్లవాడు, మా యొద్దకు వచ్చి తన సెల్‌ఫోనులో ఒక అమెరికా పాటను వినిపించెను. "అయ్యగారూ, మా నాయనమ్మను తీసుకెళ్తుంటే నాకు ఈ పాటే గుర్తొచ్చిందండి. ఇది దేవుని పాటేనా, లోకం పాటా?" అని అడిగెను. ఆ పాట పేరు ‘విల్ ద సర్కిల్ బి అన్‌బ్రోకెన్’. అనగా, ఈ వలయము తెగక నిలుచునా అని అర్థము. వలయమనగా ఇంటివారందరు ఒకచోట చుట్టు కూర్చుండిన కూడిక. అమెరికా దక్షిణ భాగపు పల్లెలలోను కొండసీమలలోను పెరిగిన పాటలను కంట్రీ పాటలందురు. వాటిలో ఇది మిక్కిలి పేరు పొందినది.

ఆ దినమున పిల్లవానికి తిన్నని జవాబు చెప్పలేకపోతిమి. తరువాత ఈ పాట చరిత్రను చదివి, వేర్వేరు గాయకులు దానిని రికార్డు చేసిన విధములను వింటిమి. వినగా, దుఃఖములోనున్నవారి యెడల మేము చేయుచు వచ్చిన ఒక తప్పు మాకు తెలియవచ్చెను. ఆ సంగతినే ఈ నెల పాఠముగా మీ ముందుంచుచున్నాము.

1. అడిగిన పాట

ఇది మొదట కంట్రీ పాట కాదు, సువార్త కీర్తన. 1907లో దీనిని వ్రాసినది లండను నగరపు ఆడా హేబర్షన్ (1861–1918) అను భక్తురాలు. ఆమె స్పర్జను గారి సంఘములో పెరిగెను. 1884లో మూడీ, శాంకీ గారలను కలిసికొని వారి సేవవలన ప్రోత్సాహము పొందెను. 1905లో టోరీ, అలెగ్జాండర్ గారలు లండనులో ఉజ్జీవ కూటములు జరిపినప్పుడు, పాటలు వ్రాసి యిమ్మని అలెగ్జాండర్ గారు కోరగా, ఒక్క సంవత్సరములోనే 200 పాటలు వ్రాసి యిచ్చినది. ఈ కీర్తనకు రాగము కట్టినవాడు అమెరికా దేశస్థుడైన చార్లెస్ గేబ్రియల్ (1856–1932).

ఆమె వ్రాసిన పాటలో శవపేటిక లేదు, సమాధి లేదు. అది వినువానిని ‘నీవు’ అని పిలిచి మాటలాడును. చిన్ననాడు పొయ్యి చుట్టు ఇంటివారు కూర్చుండిన సంగతిని అతనికి జ్ఞాపకము చేయును. ఒక్కొక్కరి స్థలము ఖాళీ అగుచు వచ్చిన సంగతిని చెప్పును. నీ కథ ముగిసినప్పుడు నీవు వారిని కలిసికొందువా అని అడుగును. పల్లవిలో రెండు ప్రశ్నలున్నవి. వలయము తెగక నిలుచునా అనునది మొదటిది. పైన మేలైన ఇల్లు కాచుకొని యున్నదా అనునది రెండవది. ఆ ప్రశ్నలు బ్రదికియున్నవానిని తట్టి లేపుటకే గాని చనిపోయినవారిని గూర్చి వాదించుటకు కాదు.

2. ఏడ్చిన పాట

వర్జీనియా రాష్ట్రపు కొండలలో ఏ.పి. కార్టర్ (1891–1960) అను ఒకాయన ఉండెను. ఆయనయు, ఆయన భార్య సేరాయు, ఆయన తమ్ముని భార్య మేబెల్‌యు కలిసి పాడెడివారు. సేరా, మేబెల్ తోడికోడండ్రు మాత్రమే కారు, పుట్టింటి వైపునను బంధువులు. 1927 ఆగస్టులో టెన్నెసీ సరిహద్దున నున్న బ్రిస్టల్ పట్టణమునకు రికార్డుల కంపెనీవారు రాగా, వీరు అచ్చట తమ మొదటి పాటలను పాడిరి. కంట్రీ పాటల చరిత్రలో అది గొప్ప దినముగా ఎంచబడుచున్నది. ఏ.పి. గారు ఊరూర తిరిగి పాత పాటలు పోగుచేసెడివాడు. అనేక పర్యాయములు ఆయన వెంట లెస్లీ రిడిల్ అను నల్లజాతి గిటారు వాద్యకారుడు వెళ్లెడివాడు. మాటలు ఏ.పి. గారు కాగితము మీద వ్రాసికొనగా, రాగమును రిడిల్ గారు మనస్సులో పట్టుకొని వచ్చెడివాడు.

1935 మే నెలలో కార్టర్ కుటుంబము న్యూయార్కు నగరములో ఈ పాటను రికార్డు చేసెను. కాని ఏ.పి. గారు చరణములను పూర్తిగా మార్చివేసెను. ఇప్పుడు పాటలో తల్లి చనిపోయినది. కొడుకు కిటికీ యొద్ద నిలిచి, శవపేటికను మోయు బండి వచ్చుట చూచుచున్నాడు. ఆ బండివానిని మెల్లగా తోలుమని బ్రతిమాలుకొనుచున్నాడు. ధైర్యముగా నుండవలెననుకొనియు సమాధి యొద్ద నిలువలేకపోవుచున్నాడు. తిరిగి వచ్చిన తరువాత ఇల్లు బోసిపోయి యున్నది.

పల్లవిలో చేసిన మార్పులు చిన్నవే గాని గమనింపదగినవి. ‘నిలుచునా’ అనుమాట ‘నిలువగలదా’ అని మారెను. ప్రతి ప్రశ్న నడుమను ‘ప్రభువా’ అను పిలుపు వచ్చి చేరెను. మేలైన ఇల్లు ఉన్నదా అను రెండవ ప్రశ్న, ఉన్నది అను నిశ్చయముగా మారెను. మొదటి ప్రశ్న మాత్రము ప్రశ్నగానే నిలిచెను. దేవుని ఇంటిని గూర్చి ఆ కొడుకునకు సందేహము లేదు. తన వారిని గూర్చిన భయమును మాత్రము ప్రభువునకే విన్నవించుకొనుచున్నాడు. సువార్తికురాలి ప్రశ్న ఈ విధముగా కుమారుని ప్రార్థన అయ్యెను.

మరియొక సంగతి. ఆ పాట పాడునాటికే ఏ.పి. గారును సేరాయు వేరు వేరుగా నివసించుచుండిరి. 1939లో ఆమె మరియొకరిని వివాహమాడెను. తమ ఇంటి వలయము తెగిన తరువాతనే వారు ఒకే మైకు ముందు నిలిచి ఈ ప్రశ్న పాడిరి. మనము వారికి తీర్పరులము కాము. ఇల్లు చక్కగా నున్నవారికే ఈ పాట చెందదని మాత్రము గ్రహింతము.

ఇచ్చట మా తప్పును ఒప్పుకొనవలసియున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములో ఒక తల్లి తన కుమారుని పోగొట్టుకొనెను. అతడు ఇల్లు విడిచి, గుడి విడిచి, చాలకాలము తిరిగినవాడు. సమాధి యొద్దనే ఆమె మా చెయ్యి పట్టుకొని, "నా కొడుకుని మళ్లీ చూస్తానా, అయ్యగారూ?" అని అడిగెను. మౌనముగా నిలుచుటకు మాకు భయము వేసెను. వెంటనే మూడు వాక్యములు వరుసగా అప్పజెప్పితిమి. ఆమె చీర చెంగు ముఖమునకు అడ్డము పెట్టుకొని వెళ్లిపోయెను. మరల మమ్మును ఏమియు అడుగలేదు. ఆమెకు మేము చెప్పినది అబద్ధము కాదు. ఆమెతో కూడ ఏడ్వకముందే చెప్పితిమి. అదియే తప్పు.

లాజరును లేపబోవుచున్నానని ప్రభువు ఎరుగును. అయినను సమాధి యొద్దకు పోవుచు ఆయన కన్నీరు విడిచెను. పౌలు సహా థెస్సలొనీకయులను దుఃఖపడవద్దని ఆజ్ఞాపింపలేదు. నిరీక్షణ లేనివారివలె దుఃఖపడవద్దని మాత్రమే వ్రాసెను.

3. నేర్పిన పాట

ఈ పాట తెల్లవారి యిండ్లలోనే నిలిచిపోలేదు. రోబక్ స్టేపుల్స్ (1914–2000) అను నల్లజాతి విశ్వాసి మిసిసిపీ ప్రత్తి చేల నుండి చికాగోకు వలస వచ్చి, కూలి పని చేసికొనుచు బిడ్డలను పెంచెను. ఒక సాయంకాలము ఆయన తన పిల్లలను నేలమీద గుండ్రముగా కూర్చుండబెట్టి, ఎవరి స్వరము వారికి పంచి యిచ్చి, మొట్టమొదట నేర్పిన పాట ఇదియే. వారే తరువాత స్టేపుల్ సింగర్స్ అను పేరుతో ప్రసిద్ధులై, ఈ పాటను రికార్డు చేసిరి.

వారి పాటలో గిటారు వణకుచు మెల్లగా నడచును. ఆ కూర్చుండిన వలయములోని వారిలో తండ్రి 2000లోను, క్లియోథా 2013లోను, ఇవాన్ 2018లోను, పర్విస్ 2021లోను వెళ్లిపోయిరి. కలిసి పాడిన ఆ తోబుట్టువులలో మేవిస్ ఒక్కతెయే మిగిలెను. వలయము నిండుగా నున్న దినమున తండ్రి నేర్పిన పాట, అది తరిగిన దినమున బిడ్డకు ఆధారమగును. మనము మాత్రము మరణము వచ్చిన రాత్రి పాటల పుస్తకము వెదకుచున్నాము. కుటుంబ ప్రార్థన మానిన ఇంటిలో దుఃఖదినమున నోట పాట ఎట్లు వచ్చును?

4. జవాబు చెప్పిన పాట

1968లో జానీ క్యాష్ గారు ‘డాడీ శాంగ్ బేస్’ అను పాట పాడెను. వ్రాసినవాడు ఆయన మిత్రుడు కార్ల్ పెర్కిన్స్. ఒక బీద రైతు కుటుంబము పని ముగించుకొని కలిసి పాడుకొనుట, తండ్రి మంద్రముగా పాడుట, తమ్ముడు గొంతు కలుపుట అందులోని కథ. పల్లవిలో మన పాట వచ్చి చేరును. అయితే ఇచ్చట ప్రశ్న లేదు. వలయము తెగదు అని ఆ పాట స్పష్టముగా జవాబు చెప్పును. ముందుగా వెళ్లిన తమ్ముడు మరల పాటలో కలియునని నమ్మును. 1969 ఆరంభములో ఇది కంట్రీ పాటల పట్టికలో ఆరు వారములు మొదటి స్థానమున నిలిచెను. ఆ రికార్డులో కార్టర్ కుటుంబపు స్త్రీలును గొంతు కలిపిరి. మేబెల్ కుమార్తె జూన్ 1968లోనే జానీ గారి భార్య అయియుండెను.

ఇంత నిబ్బరముగా జవాబు చెప్పుటకు వీరికి అధికారమెక్కడిది? జానీకి 12 ఏండ్లప్పుడు, 1944లో, అన్న జాక్ రంపపు యంత్రము కోయగా మరణించెను. పెర్కిన్స్ గారు తనతో కూడ పాడిన అన్న జేను 1958లో పోగొట్టుకొనెను. ఏడ్చినవారు చెప్పిన జవాబు గనుక అది వినువారి హృదయమునకు తగులును. మేము ఆ తల్లికి చెప్పిన జవాబులో లోపించినది ఇదియే.

5. పెద్దదైన వలయము

1971 ఆగస్టులో కాలిఫోర్నియా నుండి నిట్టీ గ్రిట్టీ డర్ట్ బ్యాండ్ అను యువకుల బృందము నాష్విల్ నగరమునకు వచ్చెను. అవి వియత్నాము యుద్ధపు దినములు. తలవెండ్రుకలు పెంచిన పడుచువారును, పెద్దవారును ఒకరినొకరు అనుమానించిన కాలము. రాయ్ ఎకఫ్ వంటి పెద్ద గాయకుడు మొదట వీరిని నమ్మలేకపోయెను. అయినను ఎకఫ్, ఎర్ల్ స్క్రగ్స్, డాక్ వాట్సన్ మొదలగువారు ఆ పిల్లలతో కూర్చుండి వాయించిరి. 62 ఏండ్ల మేబెల్ కార్టర్ ఈ పాట ఎత్తుకొనగా తక్కినవారందరు అందుకొనిరి. 1972లో వెలువడిన ఆ మూడు రికార్డుల సంపుటికి ఈ పాట పేరే పెట్టిరి. నాష్విల్‌లోని కంట్రీ సంగీత ప్రదర్శనశాలలో ఘనులైన గాయకుల ఫలకములుంచిన గుండ్రని మందిరమున్నది. దాని గోడ చుట్టును ఈ పాట పేరే వ్రాయబడియున్నది.

ఆ గదిలో పాడినవారు రక్తసంబంధులు కారు. మన పాఠ్యభాగములో ప్రభువు తల్లియు సహోదరులును వెలుపల నిలిచి పిలువనంపిరి. ఆయన తన చుట్టు కూర్చుండినవారిని కలయజూచి, దేవుని చిత్తము చేయువారే తన ఇంటివారని తెలియజేసెను. అది వలయమే గాని, నడుమ నున్నది పొయ్యి కాదు, ప్రభువు. పౌలు సహా మనము మన వారితో కూడ కొనిపోబడుదుమని చెప్పి, అంతటితో ఆగక, సదాకాలము ప్రభువుతో నుందుమని ముగించెను. నడుమ ఆయన లేనియెడల మన వలయమును నిలుపుటకు మనకు శక్తి చాలదు.

కాబట్టి ఆ పిల్లవానికి మా జవాబు ఇది: బాబూ, పాట ఎవరు రికార్డు చేసిరి అనుదానిని బట్టి కాదు, ఎవరి తట్టు తిరిగి పాడుచున్నావు అనుదానిని బట్టి అది దేవుని పాట అగును. మీ నాయనమ్మ కొరకు ఏడ్చుచు పాడుము. పాడిన తరువాత, గట్టు తగాదాతో మూడేండ్లుగా మాటలు లేని మీ నాన్నను, మీ పెదనాన్నను ఒక అరుగు మీద కూర్చుండబెట్టుటకు ప్రయత్నించుము. తెగిన వలయములలో కొన్ని మరణము తెంపినవి కావు, మనమే తెంపినవి. వాటికి పరలోకము వరకు ఆగనక్కరలేదు.

మేమును ఆ తల్లి ఇంటికి తిరిగి వెళ్లితిమి. ఈ పర్యాయము వాక్యములు అప్పజెప్పలేదు. గుమ్మము యొద్ద కూర్చుంటిమి. ఆమె తన కుమారుని చిన్ననాటి సంగతులు చాలసేపు చెప్పెను. మేము వింటిమి. అతనిని గూర్చిన తీర్పు మాది కాదనియు, న్యాయము తప్పని ప్రభువు చేతిలో అది యున్నదనియు మాత్రము చెప్పితిమి. లేచునప్పుడు ఆమెయే, "ప్రార్థన చేసి వెళ్లండి అయ్యగారూ" అనెను.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు:

1. మన ఇంటి వలయములో ఎవరి స్థలము ఖాళీగా నున్నది? మరణమువలననా, మన మాటలవలననా?

2. దుఃఖించువారి యొద్ద మనము తొందరపడి మాటలాడుట ఎందువలన?

3. మన బిడ్డలు కష్టదినమున పాడుకొనుటకు ఈ వారము ఏ కీర్తనను నేర్పుదుము?