పరాయి దేశంలో చెల్లింపులు: తెలుసుకోవలసిన నియమాలు

హజ్, ఉమ్రాలకు బయలుదేరే సోదర సోదరీమణులు ఇహ్రామ్ నియమాలు, తవాఫ్ పద్ధతి శ్రద్ధగా నేర్చుకుంటారు. అక్కడ డబ్బు ఎలా మార్చాలి, ఎలా చెల్లించాలి అని మాత్రం చాలామంది అడగరు. లావాదేవీలు కూడా ధర్మంలో భాగమే కదా! పూర్వం హజ్ కమిటీ ద్వారా వెళ్ళేవారికి 2,100 రియాళ్ళు చేతికి అందేవి. 2023లో ఆ పద్ధతి మారి, ఆ ఏర్పాటు యాత్రికులకే వదిలేశారు.

అక్కడికక్కడే

బంగారానికి బంగారం, వెండికి వెండి మార్చుకుంటే సరిసమానంగా ఉండాలని, రకాలు వేరైతే ధర మీ ఇష్టమని, ఎలాగైనా ఇచ్చిపుచ్చుకోవడం అక్కడికక్కడే జరగాలని దైవప్రవక్త (సఅసం) బోధించారు (ముస్లిం). కాగితపు కరెన్సీకీ ఇదే నియమమని 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ తీర్మానించింది. కనుక రూపాయలిచ్చి రియాళ్ళు ఒప్పుకున్న ధరకు కొనవచ్చు. ఒకటి ఇప్పుడు, మరొకటి తర్వాత అంటే కుదరదు.

ఉదాహరణకు, మక్కాలో మీ దగ్గర రియాళ్ళు అయిపోయాయి. గదిలోని సోదరుడు, "ఈ 500 రియాళ్ళు తీసుకోండి భాయ్, ఊరెళ్ళాక ఈరోజు రేటుకే రూపాయలివ్వండి" అన్నాడు. అతని ఉద్దేశం మంచిదే. కాని ఇది వాయిదా మీద జరిగే కరెన్సీ మార్పిడి. వడ్డీ కోవలోకి వస్తుంది. సరైన మార్గం సులభమే. ఆ 500 రియాళ్ళు అప్పుగా తీసుకోండి. మీ బాకీ 500 రియాళ్ళే. తీర్చేరోజు ఇద్దరూ ఇష్టపడితే, ఆనాటి రేటు ప్రకారం రూపాయలిచ్చి అప్పుడే లెక్క ముగించవచ్చు. దీనార్లకు ఒంటెలు అమ్మి దిర్హములు తీసుకోవడం గురించి హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) అడిగినప్పుడు దైవప్రవక్త (సఅసం) ఈ షరతులే తెలిపారు (అబూదావూద్).

కార్డుల సంగతి

డెబిట్ కార్డు, ముందుగా రియాళ్ళు నింపుకున్న ప్రయాణ కార్డు వాడితే ఖర్చయ్యేది మన సొమ్మే. క్రెడిట్ కార్డు అప్పు. ఆలస్యమైతే వడ్డీ కడతామనే షరతున్న కార్డు, గడువులోగా తీర్చే ఉద్దేశమున్నా, ధర్మసమ్మతం కాదని అదే అకాడమీ 2000లో రియాద్‌లో తీర్మానించింది.

దుకాణంలో మిషన్ "రూపాయలా, రియాళ్ళా?" అని అడిగితే రియాళ్ళే ఎంచుకోండి. రూపాయలు ఎంచుకుంటే సాధారణంగా రేటు ఎక్కువ పడుతుంది. విదేశీ వాడకానికి, ఏటీఎంకు ఎంత రుసుము పడుతుందో బయలుదేరకముందే బ్యాంకులో అడగండి. చిల్లర ఖర్చులకు కొంత నగదు ఉంచుకోండి.

పుణ్యయాత్రలో పెట్టే ప్రతి రియాలు వడ్డీ మచ్చ లేకుండా ఉండేలా అల్లాహ్ మనందరికీ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.