బాపమ్మ బొట్టు ఏమైంది?

జగిత్యాల

మనుమరాలా,

నువ్వు ఫోన్ల పంపిన పన్నెండు బొమ్మలు మీ బాబాయితోని పెద్ద ప్రింట్లు తీయించి, గోడకు వరుసగ అంటించి చూసిన. కోడిపుంజు కథ బాగున్నది. చెయ్యి తిరిగింది, అబద్ధమెందుకు. కాని పిల్లకు కోడిని ఇచ్చే ముసలమ్మ ఉన్నది చూడు, ఆమె ఎవరో నాకు గుర్తు పట్టరాలేదు. తెల్లటి ముడి, కండ్లద్దాలు, మెడ నుంచి పూలపూల ఏప్రాన్. కింద "బాపమ్మను తల్చుకొని గీసిన" అని రాసినవు. మీ బాపమ్మ ముఖాన అర్ధరూపాయంత బొట్టు లేకుండ వాకిట్లకు గూడ రాలేదు బిడ్డా.

కోపం కాదు. నీ ఈడుల నేను చేసిన పనే నువ్వు చేసినవు. వేరేటోళ్ల బొమ్మలు చూసి దించుడు. నాకు దొరికింది చందమామ. 1947 జులైల మొదలైన పత్రిక అది. మా ఊరికి పాత సంచికలు చేతులు మారుకుంట అట్టలు చినిగి వచ్చేటివి. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు, శంకర్ గీసిన బేతాళుడు, ఇవి చూసి చూసి దించిన. డ్రాయింగు మాస్టరునై జీతం తీసుకుంటున్నప్పుడు గూడ నల్లబల్ల మీద అవే వేసేది. కొబ్బరిచెట్లు, నది, దూరంగ గోపురం. కిటికీ బయట చూస్తే అన్ని తాటిచెట్లే. ముప్పై ఏండ్లు పిల్లలకు కొబ్బరిచెట్టే నేర్పిన.

"రాసుడు, గీసుడు రెండూ ఒక్కరే చేసిన వాళ్లల్ల ఎవరి దారి పట్టాలె తాతా" అని అడిగినవు కద. తెలుగుల అట్లాంటోళ్లు తక్కువ. కవి కృష్ణశాస్త్రి గారి కొడుకు బుజ్జాయి ఉన్నడు. డుంబు అనే బొమ్మల కథల పిల్లోడు ఆయన చేతిల పుట్టినోడే. పంచతంత్రాన్ని బొమ్మల కథలుగ ఇలస్ట్రేటెడ్ వీక్లీల ఇంగ్లిషు చదివే పిల్లలకు గూడ చూపిచ్చిండు. దొరికితే చదువు. రాసేటోళ్లకైతే మన దిక్కు గూడ కొదువ లేదు. వాసాల నరసయ్య గారికి 2017ల, మన సిరిసిల్ల పత్తిపాక మోహన్‌కు 2022ల బాలసాహిత్య పురస్కారాలు వచ్చినయి. చిక్కంత ఏందంటే, మన పుస్తకాల్ల రాసేటాయన ఒక ఊర్ల ఉంటడు, గీసేటాయన ఇంకో ఊర్ల ఉంటడు. ఒకరి ముఖం ఒకరు చూడరు.

నాకు తోచిన మనిషి మాత్రం కె.జి. సుబ్రమణ్యన్. తెలుగాయన కాదు, కేరళల కూత్తుపరంబల 1924ల పుట్టిండు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీల ఎకనామిక్సు చదువుకుంట క్విట్ ఇండియాల జైలుకు పోయిండు. బయటికొచ్చే వరకు సర్కారు కాలేజీలు తలుపులు మూసినయి. అప్పుడు 1944ల శాంతినికేతన్ పోయి బొమ్మల్ల పడ్డడు. తెల్లదొరతనం ఒక ఎకనామిక్సు గుమాస్తాను పోగొట్టుకొని మనకొక చిత్రకారుణ్ని ఇచ్చింది!

అక్కడ ఆయన గురువులు ఎవరనుకున్నవు? నందలాల్ బోస్. టాగూర్ బెంగాలీ పిల్లలకు రాసిన సహజ్ పాఠ్ వాచకానికి 1930ల లినోకట్ బొమ్మలు చేసింది ఆయనే. అ ఆలు నేర్చుకునే పోరగాండ్ల పుస్తకానికి దేశంల అంత పెద్ద చిత్రకారుడు కూర్చొని లినోలియం చెక్కిండు, అది యాదుంచుకో. ఇంకో గురువు వినోద్ బిహారీ ముఖర్జీ. ఆయనకు తర్వాత చూపు పూర్తిగ పోయింది. అయినా చేతులతోని తడుముకుంట రంగుకాయితాలు కత్తిరించి బొమ్మలు చేసిండు. ఇది రాస్తుంటే నా ఎడమకన్ను శుక్లం సంగతి యాదికొస్తున్నది. మీ నాయనకు చెప్పకు.

సుబ్రమణ్యన్ బరోడాల పంతులయిండు. ఫ్యాకల్టీ వాళ్లు పెట్టే ఫైన్ ఆర్ట్స్ ఫెయిరుకు తోలుతోని, చెక్కతోని, పూసలతోని ఆటబొమ్మలు చేసేటోడు. నడుమ కొన్నేండ్లు చేనేత బోర్డుల కొలువు. పొణికి చెక్క చెక్కి, చింతగింజల బంకల రంపపు పొట్టు కలిపి పూసే మన నిర్మల్ నకాషీల పని ఉన్నది చూడు, అట్లాంటి పనిని చిన్నచూపు చూడని మనిషి. 1969 నుంచి పిల్లల పుస్తకాలు, మాటా బొమ్మా రెండూ తనవే. మొదటిదాని పేరుకు తెలుగు చెప్తే, దేవుడు మొదట జంతువులను చేసినప్పుడు అన్నింటిని ఒక్క తీరుగనే చేసిండు అని. ఆ పేరు వినంగనే ఏ పిల్లైనా "తర్వాత ఏమైంది" అని అడుగుతది. మిగిలిన పని బొమ్మదే. నీ కథల "కోడి ఎర్రగ ఉన్నది, అది గోడ మీద ఎగిరింది" అని రాసి, పక్కన గోడ మీద ఎర్రకోడిని వేసినవు. రెండుసార్లు ఎందుకు చెప్పుడు? మాట కొట్టెయ్యి.

ఇంతకూ ఈయనకు మన జిల్లాతోని ఏం సంబంధమంటవా? ఆ బరోడాల, ఆయన దగ్గర నేర్చుకున్నోడు తోట వైకుంఠం. 1942ల మన పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిల పుట్టిండు. చిన్నప్పుడు ఊరికొచ్చే నాటకపోళ్లల్ల మొగోళ్లు ఆడవేషం కట్టి, ముఖానికి రంగు పూసి ఆడుతుంటే కండ్లప్పగించి చూసిండట. ఆ వేషాలు, వాళ్లమ్మ, రెండూ కలిసి ఆయన బొమ్మల్ల నిండు ముఖపు ఆడోళ్లయినయి. పెద్ద బొట్టు, ముక్కుపుల్ల, పచ్చటి మెడ, ఎర్రచీర. గురువు దగ్గర బొమ్మ ఎట్ల నిలవాల్నో నేర్చుకున్నడు గని గురువు మనుషులను తెచ్చుకోలేదు, తన ఊరోళ్లనే పెట్టుకున్నడు. బి. నర్సింగరావు తీసిన దాసి సినిమాకు కళా దర్శకుడిగ జాతీయ అవార్డు తెచ్చుకున్నది గూడ ఆయనే. ఆయన బొమ్మ మొదటిసారి ఒక క్యాలెండరు మీద చూసిననాడు నేను మీ బాపమ్మను పిలిచి చూపిచ్చిన. "ఇదేంది, మా మేనత్త లెక్క ఉన్నది" అన్నది. నేను గీసిన ఏ బొమ్మనూ చూసి ఆమె అట్ల అనలేదు.

నీకు చెప్పని సంగతి ఒకటి. నేను గూడ ఒక పుస్తకం చేసిన, నలభై ఏండ్ల కింద. పటం కథ మీద. సాలోళ్ల వాడకట్టుకు కూనపులోళ్లు వచ్చి పొడుగాటి గుడ్డపటం వేలాడదీసి, కట్టెతోని ఒక్కో బొమ్మ చూపించుకుంట మార్కండేయ పురాణం పాడేది. పటమంత ఎరుపు. చెప్పిన గడి కింద ఇంకో గడి విచ్చుకుంటుంటే మేము ఊపిరి బిగబట్టేది. ఆ పటం గీసేది నకాషీలు, చెప్పేది వీళ్లు. కాని చెప్పేటోళ్లే దగ్గరుండి కథ చెప్పి గీయించుకునేది. పటం పాతబడితే పూజ చేసి ఏట్ల కలిపేది. నా పుస్తకాన్ని పట్నంల ఒక ప్రచురణకర్తకు చూపిస్తే, "ఈ ముఖాలు మొరటుగ ఉన్నయి, కొంచెం నాజూకు చేసుకొని రండి" అన్నడు. నాజూకు చేసిన. అప్పుడు గూడ అచ్చు కాలేదు. పాతవి చింపి పొయ్యిల పెట్టిన బిడ్డా, గదే ఇప్పటికీ కాలుతది.

నిన్ను గూడ అడుగుతరు. ఏప్రాన్ ఉంటే ఏ దేశంల అయినా అమ్ముడుపోతది అంటరు. వాళ్లకు ఏం చెప్తవో నీ ఇష్టం.

బతుకమ్మకు వచ్చినప్పుడు నీ టాబ్లెట్ ఛార్జరు మర్చిపోకు, పోయినసారి ఇక్కడ దొరకక ఏడ్చినవు. బాపమ్మవి ఫొటోలు ఎక్కువ లేవు. ఓటరు కార్డు మీదిదాంట్ల ముఖమంత నల్లగ వచ్చి బొట్టు కనపడది. అందుకని నాకు గుర్తున్న కాడికి ఒక కాయితం మీద గీసి ఇందుల పెట్టిన. ఎడమ చెవి పోగు సరిగ్గ రాలేదు. మీ మేనత్తను అడిగి దిద్దుకో.

మీ తాత