వీఆర్‌లో చెవుల పని

వీఆర్ హెడ్‌సెట్ అనగానే అందరం రిజల్యూషన్ ఎంత, గ్రాఫిక్స్ కార్డు ఏది అని అడుగుతాం. సౌండ్ సంగతి ఎవరూ అడగరు. కానీ చాలా హెడ్‌సెట్లలో కళ్ళకి ఒకసారికి కనిపించేది సుమారు 100 డిగ్రీలే. మన వెనకాల కూడా ప్రపంచం ఉందని చెప్పేది చెవులే.

ముందు లెక్క చూద్దాం. కుడిపక్కన ఎవరైనా చప్పట్లు కొడితే ఆ శబ్దం కుడిచెవికి ముందు, ఎడమచెవికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడా ఎంతో తెలుసా? మహా అయితే 0.7 మిల్లీసెకన్లు. సెకనుకి 48,000 శాంపిల్స్ ఉండే ఆడియోలో ఇది 30 శాంపిల్స్ పైచిలుకు, అంతే! పైగా తల అడ్డొస్తుంది కాబట్టి ఎడమచెవికి శబ్దం కొంచెం తగ్గి చేరుతుంది. ఈ రెండు తేడాలతో మెదడు దిక్కు పట్టేస్తుందని లార్డ్ రేలీ 1907లోనే వివరించాడు.

మరి సరిగ్గా ఎదురుగానో, సరిగ్గా వెనకనో మోగితే? రెండు చెవులకీ దాదాపు ఒకేలా చేరుతుంది. అప్పుడు ఆదుకునేది చెవి డొప్ప. దాని మడతలకి తగిలి లోపలికెళ్ళే శబ్దం దిక్కుని బట్టి కొద్దిగా మారుతుంది. ఈ మార్పులన్నీ కొలిచి ఫిల్టర్లుగా రాసుకుంటే అదే హెచ్‌ఆర్‌టీఎఫ్. 1994లో ఎంఐటీ మీడియా ల్యాబ్ వాళ్ళు కెమార్ అనే బొమ్మ చెవుల్లో మైకులు పెట్టి, 710 దిక్కుల నుంచి కొలిచి, ఆ డేటాని అందరికీ ఇచ్చేశారు. చిక్కేంటంటే ఆ చెవులు మనవి కావు. ఎవరి డొప్ప వాళ్ళదే. అందుకే మీ ఫ్రెండ్‌కి వెనక వినిపించింది మీకు ముందు వినిపించొచ్చు.

దీనికి మందు తల తిప్పడమే. ఎదురుగా గుడిగంట మోగుతోందనుకోండి. తల కుడికి తిప్పితే గంట ఎడమచెవి వైపు జరగాలి. వెనక గంటైతే కుడివైపుకి జరుగుతుంది. కాబట్టి తల కదిలినప్పుడల్లా ప్రోగ్రాం ఫిల్టర్ మార్చాలి. మార్చకపోతే గంట మన తలతోపాటే తిరుగుతుంది. అంతే, గుడి మాయమై ఇయర్‌ఫోన్స్ గుర్తొస్తాయి.

ఇక చోటు. గోల్కొండలో ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్ దగ్గర వినిపిస్తుంది. ఆ కోటని ఎంత అందంగా త్రీడీలో గీసినా, ఆ చప్పట్లు పైకి చేరకపోతే అది ఉత్త రాళ్ళ బొమ్మే.

మంచి గ్రాఫిక్స్ కార్డు అందరం కొనలేం. ఈ సౌండ్‌కి మాత్రం మామూలు ఇయర్‌ఫోన్స్ చాలు, మిగతాది మన కోడే. చూపు లేనివాళ్ళు కూడా తిరగగలిగే లోకం కట్టాలంటే దారి ఇదే. ఈసారి ల్యాబ్‌లో ఎవరి డెమో అయినా చూసేటప్పుడు ఒక్క నిమిషం కళ్ళు మూసుకోండి. ఏది ఎటు ఉందో వేలెత్తి చూపించగలిగితే ఆ వీఆర్ పాసైనట్టే.